హద్దు దగ్గర ఆగిపోయే మోటారు

విదియ

మోటారు మళ్ళీ హద్దు దగ్గరే ఆగిపోయింది.

ఇలా జరగడం ఇది మొదటిసారి కాదు. పైలంక రేవులో తాడు లాగితే రెండో లాగుకే అందుకుంటుంది. ఆముదం కాలిన వాసన చిమ్ముతూ, నాన్న బతికున్నప్పుడు ఎలా పోయేదో అలాగే పోతుంది. మునిగిన చర్చి గోపురం దాటేవరకు ఏ లోటూ చెయ్యదు. ఎదురుగా నీటి మీద హద్దు దీపాలు వరసగా తేలుతూ కనిపిస్తాయి. ఒక్క వల విసురు దూరం ఉందనగా రెండుసార్లు దగ్గి చచ్చిపోతుంది. ఆ తర్వాత చేతులు బొబ్బలెక్కేలా లాగినా ఉలుకూ పలుకూ ఉండదు.

తెడ్డేసుకుంటూ వెనక్కి వచ్చాను. సగం దారిలో ఊరికే ఒకసారి లాగి చూస్తే, ఏమీ ఎరగనట్టు అందుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఆ వెంటనే భయం వేసింది.

అన్నయ్య సింహాద్రి ఆ దీపాలకు అవతల ఉన్నాడు. పున్నమికి ముందు డ్రమ్ముల తెప్పకు తెరచాప కట్టుకుని వేటకని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. సర్కారు పడవలు వెతకవు. నడిపే మనిషి లేకుండా అవి హద్దు దీపాల దాకా వెళ్ళి, వాటంతట అవే వెనక్కి తిరుగుతాయి. అవతల మనుషులు లేరని హద్దు మండలి అంటుంది. లేనిచోట ఎవరిని వెతుకుతారు?

పైలంకలో మండలి మాట వినని యంత్రం ఈ మోటారు ఒక్కటే. ఒకటే సిలిండరు. వయసులో నాన్న కంటే పెద్దది. బ్యాటరీ లేదు, తెర లేదు, ఇంకో యంత్రంతో మాట్లాడే అలవాటు లేదు. తాడు లాగితే పైన చక్రం తిరుగుతుంది, చక్రంలోని అయస్కాంతం పక్కనున్న కాయిల్‌లో కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు ప్లగ్గు దగ్గర నిప్పురవ్వగా దూకుతుంది. అంతే. ఇలాంటిదాన్ని దూరం నుంచి ఎవరైనా ఆపగలరా?

ఆపలేరనే అనుకుంటున్నాను. మరి ప్రతిసారీ అక్కడే ఎందుకు ఆగుతోంది?

తదియ

పొద్దున్నే ప్లగ్గు విప్పాను. కొస నల్లగా, తడిగా ఉంది. తుడిచి, తీగకు తగిలించి, సిలిండరు మీద ఆనించి, టార్పాలిన్ నీడలో తాడు లాగాను. నీలం రవ్వ టక్కున దూకింది. ఇంత మంచి రవ్వ వస్తుంటే మంట ఎందుకు ఆరుతోంది? అయితే తప్పు నూనెలో ఉండాలి.

దీనికి నేను పోసేది తాటిసారా. పోసే ముందే ఆముదం కలుపుతాను. సారా డబ్బా మూత తీసి, కాస్త మూకుట్లో పోసి అంటించాను. నీరసంగా మండి ఆరిపోయింది. అడుగున నీళ్ళు మిగిలాయి.

ఎవరో నీళ్ళు కలిపారు.

మా పక్కింటి పోలిశెట్టి బాబాయి ఈ మధ్య నా షెడ్డు దగ్గరే కూర్చుంటున్నాడు. ఎందుకని అడిగితే గాలి బాగుందంటాడు. స్తంభాల మీద కట్టిన ఊళ్ళో గాలి ఎక్కడ బాగుండదు? వెళ్ళి నిలదీశాను.

"బాబాయ్, నా డబ్బాలో నీళ్ళెవరు పోశారు?"

"నాకేటి తెలుసే? సముద్రం నడిమద్దిన ఉన్నాం, నీళ్ళకేటి కొదవ?"

"ఇవి ఉప్పునీళ్ళు కావు, తాగే నీళ్ళు. నీ నోటి వాసన ఇక్కడికి కొడుతోంది."

తువ్వాలుతో నోరు తుడుచుకున్నాడు. "రెండు గళాసులేనే రత్నం. తగ్గినట్టు కనబడితే అడుగుతావని నీళ్ళతో నింపేసేను."

"మా అన్నయ్య అవతల ఏ బాధలో ఉన్నాడో తెలియదు. నడి నీళ్ళలో నా మోటారు ఆగిపోతే నన్నెవరు తెస్తారు?"

బాబాయి ముఖం వాడిపోయింది. చేతులు తుడుచుకుంటూ లేచి, ఇంట్లోకి పోయి, తన కోసం దాచుకున్న నీళ్ళు కలపని సారా డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. నా వంక చూడలేదు.

కోపం తగ్గింది కానీ, అనుమానం పోలేదు. ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి మారింది అంతే. ఇంకా ఎవరెవరు ఈ షెడ్డులోకి వస్తున్నారు?

చవితి

మంచి సారా పోసుకుని వెళ్ళాను. హద్దు దగ్గర ఆగిపోయింది.

తిరిగి వచ్చేసరికి రేవులో మండలి ఆఫీసరు కృపానిధి గారు కూర్చుని ఉన్నారు. నాకు నీటిమట్టం చూసే ఉద్యోగం వేయించింది ఆయనే. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడతారు. మా ఊళ్ళో ఆయన్ని తిట్టని ఇల్లు లేదు. నేను మాత్రం ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

"మీ అన్నగారి సంగతి విన్నానమ్మా. మా పడవలకు అనుమతి లేదు. మీరు వెళ్ళండి, మేము చూడనట్టే ఉంటాం," అన్నారు. జేబులోంచి కాగితం చుట్టిన పొట్లం తీసి నా చేతిలో పెట్టారు. "ఇది మీకు పనికొస్తుందేమో."

విప్పితే కొత్త ప్లగ్గు. మర సరిగ్గా సరిపోయింది.

"మీరు భయపడుతున్నారేమో, మా హద్దు దీపాలు మీ మోటారుని ఏమీ చెయ్యవు," అన్నారు వెళ్ళిపోతూ.

దణ్ణం పెట్టి పంపించాను. ఆయన పడవ కనుమరుగయ్యాక ఆలోచన మొదలైంది. ఇలాంటి ప్లగ్గులు చెయ్యడం మానేసి ఎన్నో ఏళ్ళయింది. మండలి వాళ్ళుండే, ఇంకా మునగని మెట్ట మీద ఏ పాత గోదాములోనో వెతికిస్తే తప్ప దొరకదు. ఎప్పటి నుంచి వెతికిస్తున్నారు? నేను అడగని మాటకు జవాబెందుకు చెప్పారు?

పంచమి

కొత్త ప్లగ్గు వేశాను. ఈసారి హద్దు వైపు వెళ్ళలేదు. పైలంక చుట్టూనే తిరగడం మొదలుపెట్టాను. ఇళ్ళ కింద నుంచి, స్తంభాల మధ్య నుంచి, రేవు మీదుగా మళ్ళీ ఇళ్ళ కిందకి. ఆడవాళ్ళు పైనుంచి తొంగి చూసి నవ్వారు. చర్చి దాటి హద్దుకు పోయేంతసేపు అలా తిరిగానో లేదో, సరిగ్గా మా వంటింటి కింద రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

అంటే దీపాల తప్పు కాదు. కృపానిధి గారు నిజమే చెప్పారు. అది నాకు నచ్చలేదు.

వెంటనే, చెయ్యి కాలుతున్నా ప్లగ్గు విప్పి రవ్వ చూశాను. అసలు లేదు. నీలం కాదు కదా, పసుపు కూడా లేదు. తడిగుడ్డ చుట్టి చల్లారేదాకా ఆగి మళ్ళీ లాగితే రవ్వ వచ్చింది. రోగం వేడిలో ఉంది. చల్లగా ఉన్నంతసేపు బాగుంటుంది, ఒళ్ళు వేడెక్కగానే చస్తుంది. హద్దుకు చేరేసరికి వేడెక్కుతోంది కాబట్టి హద్దే ఆపుతోందని భ్రమపడ్డాను.

చక్రానికి ఉన్న చిన్న కిటికీలోంచి పాయింట్లు కనిపిస్తాయి. చక్రం తిరిగినప్పుడల్లా కలుస్తూ విడిపోతూ రవ్వను పుట్టించే రెండు చిన్న లోహపు బిళ్ళలవి. గరుకు కాగితంతో రుద్ది, మధ్య సందు సరిచేశాను. మళ్ళీ తిరిగాను. మళ్ళీ ఆగింది. ఇక చక్రం విప్పి లోపల కాయిల్ చూడాలి.

విప్పబోతూ ఆగిపోయాను. చక్రం మీది పెద్ద నట్టుకు తాజా గీతలున్నాయి. తుప్పు లేచిపోయి లోపలి ఇనుము మెరుస్తోంది. నాన్న పోయాక ఆ నట్టును నేను ముట్టుకోలేదు.

షష్ఠి

చక్రం విప్పాలంటే మూడు కాళ్ళ పుల్లర్ ఉండాలి. లేకపోతే అది ఊడి రాదు. అది షెడ్డులో మేకుకు వేలాడుతూ ఉండేది. ఇప్పుడు లేదు.

రోజంతా నీటిమట్టం కొలిచే గట్టు మీద కూర్చుని ఇదే ఆలోచన. పోలిశెట్టి బాబాయికి చేతులు వణుకుతాయి, నట్టు పట్టుకోలేడు. కిందటి నెల మండలి సిపాయిలు షెడ్డులోకి వచ్చి మోటారును అటూ ఇటూ తిప్పి చూసి వెళ్ళారు. వాళ్ళయితే విప్పినా నాకు తెలిసేలా మొరటుగా విప్పుతారు. ఆఫీసరుకైతే ఇది నడవాలనే ఉంది, ఆగాలని కాదు.

ఇంకొకరున్నారు. రాయడానికి సిగ్గుగా ఉంది.

వదిన. అప్పయమ్మ వదిన, అన్నయ్య భార్య. మొగుడు సముద్రంలో కనబడకుండా పోతే ఆవిడ ఏడవలేదు. మొదటి రోజు కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది, అంతే. వేళకు తింటోంది. ఇద్దరం తినే ఇంట్లో నలుగురికి సరిపడా చేపలు ఎండబెడుతోంది. నేను హద్దు నుంచి వట్టి చేతులతో తిరిగొచ్చినప్పుడల్లా మెట్ల మీద నిలబడి చూస్తుంది. "ఏమైందే?" అని అడగదు. ఊపిరి వదిలి లోపలికి పోతుంది.

ఆ ఊపిరి నేను విన్నాను. అది దిగులుతో వదిలింది కాదు.

అన్నయ్య ఆమెను కొట్టేవాడా? నేనెప్పుడూ చూడలేదు. చూడనంత మాత్రాన లేదని చెప్పగలనా?

సప్తమి

వదిన రేవుకు వెళ్ళినప్పుడు వంటింట్లో వెతికాను. పుల్లర్ పొయ్యి వెనక, పిడకల కింద దొరికింది.

షెడ్డుకు తెచ్చి చక్రం ఊడదీశాను. లోపలున్న కాయిల్ నాన్న చుట్టిన కాయిల్ కాదు. నాన్నది నల్ల రంగు పూసి ఉండేది. ఇది పక్కన పగులు ఉన్న పాతది. చాలాకాలం కిందట, నాన్న ఉండగా, నేనే పాడైపోయిందని తీసి ఇనప సామాను పెట్టెలో పడేశాను. చల్లగా ఉన్నప్పుడు పగులు మూసుకుని పనిచేస్తుంది, వేడెక్కితే విచ్చుకుని కరెంటు దారి తప్పుతుంది. ఆ సంగతి బయటివాళ్ళకు తెలిసే అవకాశం లేదు.

దాన్ని పట్టుకుని ఇంటికి పోయాను. మిట్టమధ్యాహ్నం. వదిన చేపలు తిరగేస్తోంది. కాయిల్ ఆమె ముందు పెట్టాను.

"ఇది నువ్వే పెట్టావా వదినా?"

వదిన చేతిలో చేప అలాగే ఉండిపోయింది. "నాకు పెట్టడం రాదే. మీ అన్నే మార్చేడు. ఎల్లిపోయే ముందు."

"ఎందుకు?"

"నువ్వు వెనకాలే వత్తావని."

వదిన చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"గోడపనికి పిలుపొచ్చిందే ఆయనకి. మెట్ట చుట్టూ కడతన్న సముద్రం గోడ. మనూరి నుంచి ఎల్లినోళ్ళలో ఒక్కడైనా తిరిగొచ్చేడా? అవతల ఇసక మేట లేచిందంట. అక్కడ కొన్ని కుటుంబాలున్నాయంట. ఆయన వేటకని చెప్పి అక్కడికెల్లిపోయేడు. మండలోళ్ళకి ఆ మేట ఎక్కడుందో తెలీదు. ఎవరన్నా దారి చూపిత్తే పోదారని కాసుకు కూకున్నారు."

"నేను చూపిస్తానని అనుకున్నాడా?"

"నీ మోటారు చప్పుడు చూపిత్తాది. డ్రోన్లు చప్పుడెంట వత్తాయంట కదా."

"ఆ మాట నాకు చెప్పి వెళ్ళొచ్చుగా. నేను ఆగేదాన్నిగా!"

వదిన తల దించుకుంది. "ఆ ఆఫీసరు నీకు పనిప్పించేడు కదే."

చేపల మీద ఈగలు ముసురుతున్నాయి. తోలాలని ఇద్దరికీ తోచలేదు.

"అన్నయ్య నన్ను అనుమానించాడా?"

"ఆయన నీ చప్పుడుకే భయపడ్డాడు," అంది వదిన. "నిన్ను అనుమానించింది నేను. రేవులో ఆ ఆఫీసరు నీకు పొట్లం ఇవ్వడం చూసేను. నువ్వు దణ్ణం పెట్టడమూ చూసేను."

ఆమె మీద నేను ఏమేం రాసుకున్నానో ఆమెకు తెలియదు. కోపం తెచ్చుకోవాలనుకున్నాను. రాలేదు. ప్లగ్గు సంగతి, ఆఫీసరు అన్న మాటలు అన్నీ చెప్పాను. వింటూ వింటూ వదిన నా చెయ్యి పట్టుకుంది.

"అయితే ఆడే నిన్ను పంపాలని చూత్తన్నాడు," అంది.

"అవును. నేను ముందు, వాళ్ళు వెనక."

వదిన లేచి బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి గుడ్డమూట తీసింది. లోపల నాన్న చుట్టిన కాయిల్. బియ్యపు గింజలు రాలుస్తూ నా ఒళ్ళో పెట్టింది.

అష్టమి

కాయిల్ బిగించాను. చక్రాన్ని దాని మీద అమర్చి, నట్టు గట్టిగా తిప్పాను. ఊరి చుట్టూ తిరిగాను. ఒక్క దగ్గు లేదు. మధ్యలో కావాలనే ఆపి, దగ్గినట్టు నటించి, తెడ్డేసుకుంటూ రేవుకొచ్చాను. ఎవరు చూస్తున్నారో తెలియదు కదా.

ఎండుచేపలు ఎవరికోసమో వదిన చెప్పింది. కబురొస్తే తను కూడా అన్నయ్య దగ్గరికి, ఉత్తరాన ఉన్న ఆ మేటకు, వెళ్ళిపోవాలని సిద్ధం చేసుకుంటోంది. కానీ పున్నమి నుంచి డ్రోన్లు హద్దు మీద గస్తీ ఆపలేదు. ఇక అన్నయ్య రాలేడు, వదినకు పోయే దారి లేదు.

పోలిశెట్టి బాబాయికి చిన్న తెరచాప పడవ ఉంది. చప్పుడు చెయ్యదు. ఆయన దగ్గరికి వెళ్ళి, వదినను ఆ మేట దాకా దింపి రమ్మని అడిగాను. తాగి ఉంటాడేమో, ఎవరికైనా చెప్పేస్తాడేమో అని అడిగే ముందు తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాను. ఈ రోజు మాత్రం ఆయన దగ్గర సారా వాసన లేదు.

"సింహాద్రి నాకూ కొడుకులాంటోడే," అన్నాడు. "ఉత్తరానికి గాలి బానే ఉంది. కానీ పైన ఆ కీచురాళ్ళు తిరుగుతున్నాయి కదే?"

"అవి నా వెంట వస్తాయి బాబాయ్. నేను దక్షిణానికి పోతాను."

ఇంటికొచ్చి చెప్తే వదిన ఒప్పుకోలేదు. "నువ్వూ వచ్చెయ్యే. ఒక్కదానివీ ఇక్కడేం చేత్తావు?"

"నేనూ నీ పడవే ఎక్కితే మోటారెవరు నడుపుతారు?"

ఆ తర్వాత ఇద్దరం కూర్చుని చేపలు సంచిలో సర్దాం.

నీటిమట్టం లెక్క చెప్పడానికి వెళ్ళి, ఆఫీసరుతో రేపు వెళ్తున్నానని చెప్పాను. ఎటు వైపని అడిగారు. అడుగుతారని తెలుసు. అన్నయ్య ఎప్పుడూ దక్షిణాన వల వేసేవాడని చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూసి, "జాగ్రత్తమ్మా," అన్నారు. ఆ మాట నిజంగానే అన్నారేమో అనిపించింది. ఆయనలో నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసేది అదే.

నవమి

హద్దు దాటాను.

కాయిల్ బాగుందని తెలుసు. అయినా దీపాల దగ్గరికి వచ్చేసరికి చెవులు దగ్గు కోసం వెతికాయి. రెండు దీపాల మధ్య నుంచి పడవ జారిపోయింది. మోటారు అదే గొంతుతో పాడుతూనే ఉంది. నేను గట్టిగా నవ్వాను. వినేవాళ్ళెవరూ లేరు.

కాసేపటికి వినేవాళ్ళూ వచ్చారు. మొదట ఒక డ్రోన్ వచ్చింది, తర్వాత ఇంకో రెండు. చాలా ఎత్తులో, నన్ను చూడనట్టే ఎగురుతున్నాయి. వాటి కోసమని మోటారు వేగం పెంచాను. ఎంత చప్పుడు చెయ్యగలదో అంత చెయ్యనిచ్చాను. వెనక దూరంగా సర్కారు పడవ ఒకటి చుక్కలా కనిపించింది. నేను తిరిగితే అదీ తిరిగింది.

ఉత్తరం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మెడ నొప్పి పుట్టింది చూడకుండా ఉండేసరికి.

సారా అయిపోయి మోటారు ఆగిన చోట నీళ్ళు తప్ప ఏమీ లేవు. కూర్చుని ఎండు రొట్టె తిన్నాను. సర్కారు పడవ మెల్లగా వచ్చి పక్కన ఆగింది. కృపానిధి గారు స్వయంగా వచ్చారు. చుట్టూ చూశారు.

"ఎక్కడమ్మా?"

"నేనూ అదే వెతుకుతున్నాను సార్."

ఆయన తాడు విసరమని సిపాయిలకు చెప్పారు.

ఏకాదశి

నిన్న రాయడానికి వీలు కాలేదు. మండలి ఆఫీసులోనే కూర్చోబెట్టారు.

అడిగినవే అడిగారు. ఈ మధ్యంతా హద్దు దగ్గర ఆగిపోయిన మోటారు ఈసారి ఎందుకు ఆగలేదు?

"మీరిచ్చిన ప్లగ్గు మంచిది సార్," అన్నాను.

పక్కనున్న సిపాయి నవ్వబోయి మానుకున్నాడు. కృపానిధి గారు నవ్వలేదు. వదిన ఇంట్లో లేదన్న వార్త అప్పటికే ఆయనకు చేరింది. మొగుడు పోయిన దిగులుతో నీళ్ళలో దూకిందేమో అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నిజంగానే ఏడుపొచ్చింది. తను ఏమైందో నాకూ తెలియదు కదా. హద్దు దాటినందుకు మోటారు జప్తు అన్నారు. నీటిమట్టం ఉద్యోగం ఇక లేదన్నారు. తలూపాను.

పొద్దున వదిలేశారు. రేవుకు వచ్చేసరికి మోటారును నా పడవ వెనక నుంచి విప్పి సర్కారు పడవకు బిగిస్తున్నారు. వాళ్ళ చేతుల్లో అది చాలా చిన్నగా కనిపించింది. స్క్రూలు వంకరగా బిగిస్తుంటే చూడలేక నేనే వెళ్ళి సరిచేశాను.

పోలిశెట్టి బాబాయి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పెదాలు ఉప్పుకు పగిలిపోయి ఉన్నాయి, అరచేతులకు గుడ్డలు చుట్టుకున్నాడు. సిపాయిల వైపు చూస్తూనే, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు:

"భోజనం పెట్టేకే పంపించేరే. మీ వదిన వండింది. మీ అన్న రెండుసార్లు మారడిగి తిన్నాడు."

నేను కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకుంటే కృపానిధి గారు చూస్తారు.

ఆయన సర్కారు పడవ ఎక్కి, ఏమనుకున్నారో ఏమో, మోటారు వైపు చెయ్యి చూపించి, "దానిలో కాస్త నూనె పోసి లాగి చూడు," అన్నారు సిపాయితో. ఆ సిపాయి అలాంటి తాడు జన్మలో లాగి ఉండడు. భయపడుతూ, సగం బలంతో లాగాడు.

మొదటి లాగుకే అందుకుంది.

రేవులో వాళ్ళంతా తిరిగి చూశారు. కృపానిధి గారు ఆ చప్పుడు కాసేపు విని, నా వైపు తిరిగి, "చాలా బాగా చేశావమ్మా," అన్నారు. మొదటిసారి నన్ను నువ్వు అన్నారు. ఆయనకు అంతా తెలిసిపోయిందని నాకర్థమైంది. నిరూపించడానికి ఆయన దగ్గర ఏమీ లేదని ఆయనకూ తెలుసు.

"మా నాన్న పని సార్," అన్నాను.

పడవ కదిలింది. ఆ చప్పుడు మెట్ట వైపు పోతూ పోతూ సన్నగిల్లింది. బాబాయి, నేను పూర్తిగా వినబడకుండా పోయేవరకు అక్కడే నిలబడ్డాం. తర్వాత ఆయన అరచేతులకు పసుపు రాయడానికి ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాను.